పర్మిట్ల కిటికీ

పొద్దున ఎనిమిదింటికి షట్టర్ ఎత్తేసరికి
అడవి వరుసలో నిలబడి ఉంటుంది
బురద బూట్లతో, కాఫీ కప్పులతో.

ఓరెగాన్‌లో కొండల వెనక్కి జరిగిపోయిన ఊరు మాది, లార్చ్‌ఫోర్డ్.
ఒక పెట్రోలు బంకు, ఒక బడి, మూతపడ్డ రంపపు మిల్లు,
ఇదిగో ఈ అటవీ శాఖ ఆఫీసు.
పదకొండేళ్ళుగా ఈ కిటికీలోంచి
అడవిని కాగితాలుగా చింపి ఇస్తున్నాను.

పొయ్యి కట్టెలకైతే ఎండిపోయిన చెట్టే కొట్టాలి,
గద్ద గూడున్నది కాకూడదు,
వడ్రంగిపిట్ట తొలిచింది కాకూడదు,
వాగుకి నూరడుగుల లోపలిది కాకూడదు.
"ఇంకేం మిగిలిందమ్మా, అగ్గిపుల్లా?" అంటాడు ఆర్విల్ టకెట్
ఏటేటా.
ఏటేటా సంతకం పెడతాడు.

బువాఖమ్ పుట్టగొడుగులు ఏరుకోవడానికి వస్తుంది.
ఎక్కడ దొరుకుతాయంటే నవ్వుతుంది.
ఆ నవ్వు మా మ్యాపుల్లో ఎక్కడా లేదు.

రోవెనా వచ్చేది పర్మిట్ కోసం కాదు,
హకిల్‌బెర్రీలు పండాయి, పై రోడ్డు గేటు తీశారా అని అడగడానికి.
ఆమె తాతముత్తాతల ఒడంబడిక
మా ఆఫీసు పునాదిరాయి కంటే పాతది.
ఆమె ఎదుట నా రబ్బరు స్టాంపు
పెద్దలు మాట్లాడుతుంటే పిల్లాడిలా గమ్మునుంటుంది.

వెనక గదిలో గోడంత మ్యాపు.
కలపకు గోధుమ రంగు, మేతకు పసుపు,
ఊరి కుళాయిలకు నీలం, ఎల్క్ జింకలకు ఆకుపచ్చ గీతలు.
అన్ని రంగులూ వచ్చి ఒకే లోయ మీద పడితే
ఆ లోయ కడిగిన కుంచెల నీళ్ళలా ఉంటుంది.
ఉమ్మడి కాపురానికి ఒక్కటే పొయ్యి,
ఎవరి ఎసరు ముందన్నదే తగువు.
తలా పిడికెడు అడవి.
పిడికిలి విప్పమంటే మాత్రం ఎవరికీ వేళ్ళు ఆడవు.

అట్లాంటిది, పోయినేడు మే నెలలో
ఒక బీవర్
దరఖాస్తు పెట్టకుండా, ఫీజు కట్టకుండా
కల్వర్టు నోట్లో కర్రలు కుక్కింది.

వాగు పక్కకి తిరిగి పడుకుంది.
హోస్టెట్లర్ ఆవుల మేత పదెకరాలు మునిగింది.
గుడారాల మైదానం మూసేశాం.
మోటారుబళ్ళ కుర్రాళ్ళు ఫోన్లో ఏమన్నారో
నేను రిజిస్టర్లో రాయలేదు.

బడి జిమ్‌లో మీటింగు పెట్టారు,
బాస్కెట్‌బాల్ బుట్ట కింద, మనిషికి మూడు నిమిషాలు.
హోస్టెట్లర్ టోపీ తీసి చేత్తో పట్టుకుని లేచాడు.
"నా ఆవులకి తలకింత అని కట్టించుకుంటారే,
ఆ జంతువు దగ్గర ఒక్క డాలరు వసూలు చేశారా?"
అందరూ నవ్వారు. అతను నవ్వలేదు.
మూడో నిమిషం గంట కొట్టింది నేనే.

ఏడు నెలలు, రెండొందల పద్నాలుగు పేజీలు.
చివరికి ఆ గట్టు గుండా ఒక పైపు దూర్చారు.
కొంత నీరు దానికి, కొంత వీళ్ళకి.
ఎవరికీ పూర్తిగా నచ్చలేదు.
మా ఆఫీసులో దాన్నే నిర్ణయం అంటాం.

రాత్రికి రాత్రి అది పైపు నోటికి బురద మెత్తుతుంది.
శుక్రవారం శుక్రవారం డెస్మండ్ వెళ్ళి పారతో తీసి వస్తాడు.
ఫైలు తెరిచే ఉంది.

ఈ ఆగస్టులో చుట్టుపక్కల వాగులన్నీ
రాళ్ళు బయటపెట్టుకుని పడున్నాయి.
ఆ ఒక్క మడుగులో మాత్రం నీళ్ళు,
నీళ్ళలో మోకాళ్ళ దాకా
హోస్టెట్లర్ ముద్రేసిన ఆవులు.

నిన్న వచ్చాడు.
కట్టెల కాగితానికి కాదు, మేత బాకీకి కాదు.
కాసేపు గోడ మీది ఎలుగుబంటి పోస్టరు చూశాడు.
"శుక్రవారం ఆ పార నేను పట్టుకోవచ్చా?" అన్నాడు.

దానికీ ఒక ఫారం ఉంది.
కళ్ళజోడు ట్రక్కులో మర్చిపోయాడట,
కిటికీలోంచి ముందుకు వంగి
నేనే చదివి వినిపించాను.